ముప్పై రెండో అంతస్తులో ఆవాల దిండు

నేను ఒక ఆవాల దిండును. మూరెడు కూడా ఉండను. దూది దిండ్లు, ఈకల దిండ్లు ఒకచోట పెడితే అక్కడే బుద్ధిగా పడి ఉంటాయి. నా సంగతి అలా కాదు. నా కడుపులో ఉన్నవన్నీ గింజలు. ఒకటి జరిగితే పక్కది జరుగుతుంది, అది జరిగిందని ఇంకొకటి. ఎవరూ ముట్టుకోకపోయినా ఏదో ఒక మూల గరగరమంటూనే ఉంటాను. నిలకడ అన్నది నాకు పుట్టుకతోనే లేదు. చంటిపిల్లల తల కింద నన్ను పెట్టింది కూడా అందుకే. తల ఎటు తిరిగితే అటు సర్దుకుంటాను, ఒకవైపే నొక్కుకుపోకుండా చూస్తాను. మీ తల గుండ్రంగా ఉంటే మా వాళ్లెవరో దాని కింద నలిగి ఉంటారని గుర్తుపెట్టుకోండి. తల లోపల ఏముందన్న దానికి మాత్రం మా పూచీ లేదు.

ఇప్పుడు నేను గుప్పెడు గింజలు తగ్గిపోయాను. ఒక అంచున పాత కుట్టు పోయి, పెద్ద హోటల్ వాళ్లు గదిలో ఉచితంగా పెట్టే తెల్లదారంతో కొత్త కుట్టు పడింది. అది ఎందుకు పడిందో చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి.

నన్ను కుట్టింది మంగళగిరిలో కోటమ్మగారు. మగ్గం నేసే ఇల్లు. కోడలు సామ్రాజ్యానికి నెలలు నిండుతున్నాయని, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన పాత పంచె ఒకటి తీసి చించారు. ఆవాలు చేటలో చెరిగి, మట్టిబెడ్డలు ఏరి, డాబా మీద ఎండబెట్టారు. ఆ తర్వాత చుట్టూ రెండు వరసలు కుట్టారు. "ఒక్క గింజ జారినా పిల్ల ముక్కులోకి పోద్ది" అని, కుట్టిన చోటల్లా గోటితో లాగి చూశారు. ఆ గోటి పోటు నాకు ఇంకా గుర్తుంది. పుట్టగానే అనుమానించబడిన వస్తువును నేను.

సామ్రాజ్యం కూతురు నా మొదటి తల. తర్వాత కొడుకు వినీల్. ఆ తర్వాత వీధి వీధంతా నన్ను వాడుకుంది. ఎవరింట్లో పురుడొస్తే వాళ్లింటికి పోయేదాన్ని. తిరిగొచ్చినప్పుడల్లా సామ్రాజ్యం ఒక అంచు విప్పి, పాలకంపు పోయేలా గింజల్ని ఎండకు పోసి, తరిగిన మేరకు కొత్తవి కలిపి కుట్టేసేది. నా చేతిలో తయారైన తలల్లో ఒకటి ప్లీడరు అయింది, ఒకటి బస్సు నడుపుతోంది, ఒకటి ఏమీ చెయ్యకుండా అరుగు మీద కూర్చుంటోంది. పెద్దయ్యాక అన్నీ నన్ను మరిచిపోయాయి. వినీల్‌కు మాత్రం జుట్టు తొందరగా రాలిపోయింది కాబట్టి నా పనితనం నలుగురికీ కనిపిస్తోంది.

వీధిలో పురుళ్లు తగ్గి, నేను బీరువాలో కలరా ఉండల పక్కన చేరాను. పని లేని బతుకు ఎంత నరకమో కదలకుండా ఉండే దిండ్లకు తెలియదు. చీరల మడతల మధ్య అటూ ఇటూ జారుతూ కాలం వెళ్లబుచ్చాను.

వినీల్ ఇంజినీరై ఎడారి నగరంలో రైలు లైను వేసే కంపెనీలో చేరాడు. భార్య ప్రత్యూషను తీసుకుపోయాడు. అక్కడే ఆడపిల్ల పుట్టింది. ఇల్లు కుదిరేదాకా కంపెనీ వాళ్లను గొప్ప హోటల్ అపార్ట్‌మెంటులో పెట్టింది. ఆ సంగతి సామ్రాజ్యం వీధిలో అందరికీ చెప్పింది. చెప్పనిది ఒకటుంది. మనవరాలికి మూడో నెల వచ్చిన రోజున వినీల్ ఫోన్ చేశాడు. నేను మంచం మీదే ఉన్నాను. ఎందుకంటే ఆమె నన్ను అప్పుడే బీరువాలోంచి తీసి ఎండకు పెట్టబోతోంది.

"అమ్మా, ప్రత్యూష తినట్లేదు. నిద్ర పోవట్లేదు. పాపను ఎత్తుకోమంటే భయపడుతోంది. డాక్టరుకు చూపించాను, కాన్పు తర్వాత కొందరికి ఇలా ఉంటుందిట, మందులిచ్చింది. తనేమో, మీ అమ్మ వచ్చి పాపను మంగళగిరి తీసుకుపోతే మంచిది, నా చేతుల్లో అది సరిగా పెరగదు అంటోంది."

"తల్లి లేకుండా మూడు నెలల పిల్లనా? నీకేమన్నా మతి పోయిందా?"

"నేను కాదమ్మా, తనే అంటోంది. టికెట్లు కూడా చూడమంటోంది. నీకూ పాపకూ."

సామ్రాజ్యం ఫోన్ పెట్టేసి చాలాసేపు నన్ను ఒళ్లో పెట్టుకుని పిసికింది. ప్రత్యూషకు తల్లి లేదు. కాలేజీలో ఉండగానే పోయింది. కాన్పుకు ఎవరూ వెళ్లలేకపోయారు. ఆ లోటు తనదేనని సామ్రాజ్యానికి ఉంది. మర్నాడు కోడలికి ఫోన్ చేసి, "దిండు తెస్తున్నానమ్మా పిల్లకి" అంది. "వద్దత్తయ్యా, ఇక్కడి డాక్టర్లు చంటిపిల్లలకు అసలు దిండే పెట్టొద్దన్నారు" అంది ప్రత్యూష. "సరేలే" అని సామ్రాజ్యం నన్ను సూట్‌కేసులో చీరల కింద దూర్చింది. అత్తగార్ల సరేలకు అంతకంటే విలువ ఉండదు.

ఇక్కడే అసలు తిరకాసు మొదలైంది. ప్రయాణం ముందు పక్కింటి మల్లీశ్వరి వచ్చి కూర్చుంది. ఆమె అల్లుడు గల్ఫులో ఉండి వచ్చాడు.

"ఏవేం సర్దావు వదినా? గసగసాలు పెట్టలేదు గదా? అక్కడ గసాలు దొరికితే జైలే. మత్తుమందు కింద లెక్కంట."

"నాకెట్టా తెలుస్తది? పోపులపెట్టె నిండా అన్నీ ఉన్నయ్యి."

"వాళ్లకి తెలుగొచ్చా, గసాలకీ ఆవాలకీ తేడా తెలుసా? గింజ అన్నదే పెట్టుకోమాక."

సామ్రాజ్యం సూట్‌కేసు మళ్లీ తెరిచింది. గసగసాలు తీసేసింది. ఆవాలు తీసేసింది. జీలకర్ర, మెంతులు, ధనియాలు, చివరికి నువ్వులు కూడా తీసేసింది. చింతపండు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు, బాలింతకు శొంఠిపొడి మిగిలాయి. సూట్‌కేసు అడుగున కిలో పైచిలుకు ఆవాలతో నేను పడి ఉన్నానన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఆమెకు నేను దిండును. ఆవాలంటే పెట్టెలో ఉండేవి.

తట్టింది ఎక్కడంటే, ఆ దేశపు విమానాశ్రయంలో. సూట్‌కేసు యంత్రంలోంచి పోతుంటే తెర మీద నల్లటి ముద్ద ఒకటి కనిపించింది. తెల్లచొక్కా అధికారి పెట్టె తెరిపించి, నన్ను బయటికి లాగి రెండు చేతులతో నొక్కాడు. గరగరమన్నాను. ఏం చెయ్యను, నా స్వభావమే అంత. సామ్రాజ్యం ముఖం పాలిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఒక్క ముక్క భాష రాదు. చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసి, "బేబీ... బేబీ" అంది. అధికారి నవ్వి, నన్ను మళ్లీ చీరల మీద పెట్టి పంపేశాడు. ఇంటిదగ్గర తన తల్లి కూడా ఇలాంటిదేదో కుట్టి ఉంటుందేమో. సామ్రాజ్యానికి మాత్రం ఆ నవ్వు నమ్మకం కలిగించలేదు. ఇప్పుడు వదిలి, తర్వాత వచ్చి పట్టుకుంటారని అనుకుంది.

వినీల్ వాళ్ల హోటల్లో ముప్పై రెండో అంతస్తు. గోడలకు బదులు అద్దాలు, ఒక్కటీ తెరుచుకోదు. మీట నొక్కితే తెరలు వాటంతటవే జరుగుతాయి. కింద ఈతకొలను నీలంగా మెరుస్తుంటుంది, అందులో ఎవరూ ఉండరు. హాలు, వంటగది ఒకటే. వంటగదిలో నిప్పు లేని పొయ్యి, దాని పక్కన కూరగాయ ముక్క తగలని రాతి పలక, ఎవరూ తెరవని ఓవెన్. తిండి హోటల్ వాళ్లే మూతలు పెట్టి తెచ్చి ఇస్తారు. హాయిగా ఉండటానికి కావలసినవన్నీ అమర్చారు. ఆ ఇంట్లో హాయిగా ఉన్నది ఫ్రిజ్ ఒక్కటే.

వచ్చీ రాగానే సామ్రాజ్యం నన్ను ఆ ఓవెన్‌లో దాచింది. పోలీసుల భయం ఒకటి, కోడలి భయం ఒకటి. నేనెంత బెదిరానో మీరు ఊహించండి. ఎవరైనా పొరపాటున మీట తిప్పితే నా గతేమిటి? ఓవెన్ అద్దం తలుపులోంచి రోజంతా హాలు చూస్తూ, భయంతో ఒక మూల నుంచి ఇంకో మూలకు జారుతూ గడిపాను.

ప్రత్యూషను అలా చూశాను. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కూర్చోదు. కిటికీ దగ్గరికి వెళ్తుంది, తిరిగొస్తుంది, సోఫాలో వాలుతుంది, లేస్తుంది. పాప ఏడిస్తే గబగబా నాలుగడుగులు వేసి, ఉయ్యాల దగ్గర ఆగిపోతుంది. చేతులు చాపి వెనక్కి తీసుకుంటుంది. "అత్తయ్యా, మీరు ఎత్తుకోండి" అంటుంది. పాలిచ్చేటప్పుడు ఒళ్లో పెట్టించుకుని, అవగానే తిరిగి ఇచ్చేస్తుంది. వేడిపాత్ర అందుకున్నట్టు పట్టుకుంటుంది బిడ్డను. ఆ తల నా మీద పడలేదనే బెంగ నాకు ఎటూ ఉంది. కాని తల్లే దాన్ని పట్టుకోలేకపోతుంటే నా బెంగ గొడవ ఎవరిక్కావాలి?

ఆ హోటల్లో దిండ్లకు ఒక జాబితా ఉంది. నా జాతి గౌరవానికి ఎంత అవమానమో చెప్పలేను. బాతుఈకల దిండు, నురుగు దిండు, మెడనొప్పి దిండు, సువాసన దిండు, లోపల చల్లగా ఉండే దిండు. ఏది కావాలంటే అది తెస్తారు. ప్రత్యూష వరసగా అన్నీ తెప్పించింది. ఒక్కటీ నిద్ర తేలేదు. పొద్దునే అవి సోఫా మీద గుట్టగా పడి ఉండేవి. వాటిని చూసి నాకు మొదట కుళ్లు పుట్టింది, తర్వాత జాలేసింది.

"కాస్త తినమ్మా. తినకపోతే ఎట్టాగ చెప్పు" అనేది సామ్రాజ్యం. "ఆకలి లేదత్తయ్యా." ఇంకో ముక్క ఉండేది కాదు. తనే వండుతానని సామ్రాజ్యం అంటే, "పోపు సామాను రేపు తెస్తానమ్మా" అని వినీల్ రోజూ అనేవాడు. పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషికి రేపు అనేది చాలా పెద్దది. ఈలోగా టికెట్ల మాట మళ్లీ వచ్చింది. వచ్చేవారం అన్నాడు. సామ్రాజ్యం తలూపింది. ఆ తర్వాత వంటగదిలోకి వచ్చి, ఓవెన్ ముందు నిలబడి కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇంతలో ఒకరోజు ఇసుకతుఫాను వచ్చింది. మధ్యాహ్నమే ఆకాశం బెల్లంపాకం రంగుకు తిరిగింది. కాసేపటికి ఎదుటి మేడలు లేవు, కింద కొలను లేదు, అద్దాల మీద ఇసుక గీరుకుంటున్న చప్పుడొకటే ఉంది. రోడ్లు మూసేశారని, సైటులోనే ఇరుక్కున్నానని వినీల్ ఫోన్ చేశాడు. సరుకులు తెచ్చే బండ్లు కూడా ఆగిపోయాయి. ప్రత్యూష అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు నిలబడింది. నిలబడటం ఆమెకు కొత్త. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, "అత్తయ్యా, చారు తాగాలనుంది" అంది.

సామ్రాజ్యం బిత్తరపోయింది. బాలింతకు పులుపేమిటన్న మాట ఆమె పెదవుల దాకా వచ్చింది, నాకు కనిపించింది. మింగేసింది. "చిటికెలో పెడతా తల్లీ, కూర్చో" అని కొంగు దోపింది.

చింతపండు నానేసింది. వెల్లుల్లి చిదిమింది. నూనెలో ఎండుమిరపకాయ, కరివేపాకు, ఇంగువ వేసింది. ప్రత్యూష ఒక చెంచా తాగి ఆగిపోయింది. "బాగుంది" అంది. గిన్నె పక్కకు జరిపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోపు చిటపటలాడలేదత్తయ్యా. మా అమ్మ చారు తిరగమోత పెడితే మెట్ల మీద ఉన్నవాళ్లకి వినపడేది. బడి నుంచి వస్తుంటే ఆ చప్పుడుకే ఆకలేసేది నాకు."

"ఆవాలు లేవు తల్లీ. ఆ మల్లీశ్వరి ముండ మాట విని తీసేశాను."

ఆవాలు పంపమని ప్రత్యూష కింద హోటల్ ఆఫీసుకు ఫోన్ చేసింది. హోటల్ వాళ్లు లేదనరు. వెండి పళ్లెంలో, చిన్న గాజుగిన్నెలో పసుపుపచ్చటి ముద్ద పంపారు. సామ్రాజ్యం వాసన చూసి, "ఆవాల్ని రుబ్బి పులియబెట్టినట్టున్నారు. దీన్ని నూనెలో వేస్తే ఇల్లు తగలబడుద్ది" అంది. ప్రత్యూష చెయ్యి ఆడించింది. "వదిలెయ్యండి అత్తయ్యా. నాకేదీ కుదరదు." లోపలి గదిలోకి పోయి పడుకుంది. పాప కదిలింది కాని ఏడవలేదు.

సామ్రాజ్యం పొయ్యి ముందు అలాగే నిలబడింది. ఆ పిల్ల ఇన్నాళ్లలో నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే. ఓవెన్ తలుపు తెరిచింది. నన్ను తీసి పలక మీద పెట్టింది.

నాకు అర్థమైంది. అర్థమై ఒళ్లంతా గరగరలాడింది. ఎన్ని తలలు, ఎన్ని ఇళ్లు! పాలకంపు, కొబ్బరినూనె, చొంగ, అన్నీ ఓర్చుకున్నది నూనెలో పడటానికా? ఆమె కూడా ఊరికే మొదలుపెట్టలేదు. పంచె గుడ్డను అరచేత్తో రెండు మూడుసార్లు నిమిరింది. "కోటమ్మత్తా, ఏమీ అనుకోమాక" అంది మెల్లగా. కుట్టుకొసను పంటితో కొరికి, గోటితో దారం లాగింది.

"అత్తయ్యా, అదేంటి?" తలుపు దగ్గర ప్రత్యూష నిలబడి ఉంది.

సామ్రాజ్యం దొరికిపోయింది. "దిండమ్మా. వద్దన్నావుగా. తెచ్చాను. పిల్లకి పెట్టలేదులే, ఒట్టు. ఓవెన్‌లో పెట్టాను."

"ఓవెన్‌లోనా?"

"పోలీసులు గసాలనుకుంటారని."

ప్రత్యూష దగ్గరికొచ్చి నన్ను చూసింది. విప్పిన అంచులోంచి నేను నాలుగు గింజలు రాల్చాను. ఆమె ఒకటి వేలితో ఒత్తి పట్టుకుంది. "ఇవి మీ అబ్బాయి తల కింద పెట్టినవా?"

"వాడూ, వాళ్లక్కా, వీధిలో వాళ్లందరూను. ఎండబెట్టాను, జల్లించాను, కొత్తవీ కలిపాను. అయినా పళ్లెంలో ఇంకోసారి చెరుగుతా..."

"ఆ బట్టతల కింద నలిగిన ఆవాలతో నాకు తిరగమోతా?" అంది ప్రత్యూష. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. మొదట ముక్కుతో నవ్వింది, తర్వాత ఆపుకోలేక పలక పట్టుకుని వంగిపోయి నవ్వింది. సామ్రాజ్యం అయోమయంగా చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వులపాలైనందుకు నేను నొచ్చుకోవాలి. కాని ఆ ఇంట్లో ఆ చప్పుడు అంతకుముందు వినలేదు.

గుప్పెడు గింజలు తీసి గుడ్డలో తుడిచింది సామ్రాజ్యం. నూనె కాగింది. నా గింజలు అందులో పడ్డాయి.

ఏమీ కాలేదు.

ఇద్దరూ వంగి చూస్తున్నారు. ఇసుక అద్దాన్ని గీరుతోంది. నా బతుకులో అంత సిగ్గుపడిన క్షణం లేదు. మమ్మల్ని ఎండకు పోసి, తలల కింద నలిపి, ఏళ్ల తరబడి బీరువాలో కుక్కారు. మాలో ఇంకా ప్రాణముందో లేదో మాకే తెలియదు. "పాతవి కదా అత్తయ్యా, పోనీలెండి" అంది ప్రత్యూష. ఆమె ముఖంలోంచి నవ్వు జారిపోవడం చూశాను. చిటపటమను, చచ్చినదానా, అని నన్ను నేనే తిట్టుకున్నాను.

టప్. ఒకటి.

ఇంకొకటి. ఆ తర్వాత నాలుగైదు కలిసి. ఆ తర్వాత లెక్క లేదు. ఒక గింజ ఎగిరి సామ్రాజ్యం గాజులకు తగిలింది. "మూత, మూత!" అని ఆమె అరుస్తుంటే, "వద్దత్తయ్యా, వినపడనీండి" అని ప్రత్యూష మూత లాగేసుకుంది. చారు సుర్రుమంది. ఆ వాసన బయటికి పోయే దారి లేక ఇల్లంతా కమ్ముకుంది. ఉయ్యాలలో పాప తుమ్మింది.

ప్రత్యూష అన్నం కలుపుకుని తింది. నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, చేత్తో తింది. ఇంకోసారి పెట్టించుకుంది. గిన్నెలో మిగిలింది తాగింది. చెయ్యి కడుక్కొచ్చి, ప్రత్యూష ఉయ్యాల దగ్గరికి వెళ్లింది. ఈసారి ఆగలేదు. పాపను ఎత్తి భుజాన వేసుకుని హాలంతా నెమ్మదిగా తిరిగింది. తర్వాత దుప్పటి పరిచి, పాపను వెల్లకిలా పడుకోబెట్టి, పక్కనే తనూ ఒరిగింది. నేను అక్కడే ఉన్నాను. విప్పిన అంచును పిన్నీసుతో బిగించి సామ్రాజ్యం నన్ను సోఫా పక్కన పెట్టింది. ప్రత్యూష చెయ్యి చాపి నన్ను లాక్కుంది.

"దిండు పెట్టొద్దన్నావుగా" అంది సామ్రాజ్యం.

"పాపకి కాదత్తయ్యా. నాకు."

పెద్దవాళ్ల తల మోయడం నాకు తెలియదు. బరువుగా ఉంది. గుండ్రంగా చెయ్యడానికి ఏమీ లేదు, ఎవరో ఎప్పుడో చేసేశారు. ఆమె తల్లే అయ్యుంటుంది. కాసేపు అటూ ఇటూ సర్దుకుంది. నేనూ సర్దుకున్నాను. ఆమె చెయ్యి పాప పొట్ట మీద ఉంది. ఆమె ఊపిరి బరువెక్కింది. నిద్ర పట్టింది.

సాయంత్రానికి గాలి తగ్గింది. వినీల్ తలుపు తీసుకుని వచ్చాడు, నెత్తినిండా ఇసుక. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా..."

"ఉష్. లేపమాక."

"తిందా?"

"తింది. నీకూ ఉంచాను. పంటికింద ఆవాలు తగిలితే ఊసెయ్యమాక, అవి నీ తలకిందవే."

అతనికి ఏమీ అర్థం కాలేదు. చాలాసేపు భార్యనూ బిడ్డనూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మరి టికెట్లు? వచ్చేవారానికి చూశానమ్మా, నీకూ పాపకూ..." అన్నాడు.

"నాకొక్కదానికే తియ్యి. అదీ ఇప్పుడే కాదు" అంది సామ్రాజ్యం.

నేను ప్రత్యూష తల కింద ఉన్నాను. ఒక్క గింజ కూడా కదలనివ్వలేదు.